ఆలస్యపు చెయ్యి

సార్డీనియా కొండల్లో మా ఊళ్ళో, పరాయివాడి గొర్రెలు తోలుకొచ్చినవాడితో అయినా కూర్చుని వైన్ తాగుతారు గానీ, ముర్రాలో చెయ్యి ఆలస్యంగా తెరిచినవాడితో తాగరు. ముర్రా అంటే మరేం లేదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒక్కసారే పిడికిళ్ళు విప్పుతారు. ఇద్దరి వేళ్ళూ కలిపి ఎన్నో, చెవులు చిల్లులు పడేలా అరుస్తారు. లెక్క సరిపోయినవాడిది గెలుపు. రెప్పపాటు ఆగావంటే ఎదుటివాడి వేళ్ళు చూశాకే నీవి విప్పావన్నమాట. అంతకన్నా నీచం మాకు ఇంకోటి లేదు.

అలాంటి నింద అరవై ఎనిమిదేళ్ళ బాకిసియో మీద వేశాడు కుర్రాడు సెరాఫీనో. అదీ ఆగస్టు పండగ నాడు, బార్ ముందు, ఊరంతా చూస్తుండగా.

“ఆపు! నీ చెయ్యి మన ఊరి బస్సులా ఎప్పటికో వస్తోందేంటి? నా వేళ్ళు లెక్కపెట్టుకుని మరీ తీస్తున్నావు!”

“నోరు జాగ్రత్త! నువ్వు పుట్టకముందు నుంచీ ఆడుతున్నా నేను.”

“అందుకే దొంగాట అంత బాగా వంటబట్టింది!”

బాకిసియో పక్కకి చూశాడు. పక్కన బావమరిది బొయెల్లె ఉన్నాడు. పాతికేళ్ళుగా ముర్రాలో ఇద్దరూ ఒక జత. బావను ఎవరైనా చిన్నమాట అంటే చాలు, చొక్కా పట్టుకునే రకం బొయెల్లె. ఆ రోజు మాత్రం గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. సెరాఫీనో తిట్టు ఒక చెవిన వచ్చి ఇంకో చెవిన పోయింది. బావమరిది తల దించుకోవడం మాత్రం బాకిసియో గుండెలో గుచ్చుకుంది.

“నువ్వు కూడా నన్ను అనుమానిస్తున్నావట్రా?” అని అడిగాడు ఇంటికి వెళ్తూ.

“నేనేమన్నా బావా? కానీ చెయ్యి ఆలస్యం అవుతోంది. నేనూ చూశా. ఒంట్లో ఏమన్నా బాగోలేదేమో, చూపించుకుందాం పద.”

బాకిసియోకు ప్రాణం లేచొచ్చింది. జబ్బయితే ఎంత బాగుండు! జబ్బు చేసినవాణ్ణి దొంగ అనరు కదా. పట్నంలో నరాల డాక్టరమ్మ మణికట్టు మీద చిన్న చిన్న కరెంటు షాకులిస్తుంటే, పెద్ద జబ్బే బయటపడాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

“మీ నరాలు నిక్షేపంగా ఉన్నాయండీ,” అందామె.

“మరి చెయ్యెందుకు వెనకబడుతోందమ్మా?”

“వయసు. అనుకున్నది వేళ్ళదాకా చేరడం ఏళ్ళు గడిచేకొద్దీ కొంచెం కొంచెం నెమ్మదిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకీ అంతే. మామూలు పనుల్లో మీకు తెలియనే తెలియదు.”

“మందు?”

“జబ్బే లేకపోతే మందేంటి?”

“పోనీ, బయట మా బావమరిదున్నాడు. వాడితో జబ్బని ఒక్క ముక్క చెప్పండి. మీకు పుణ్యముంటుంది.”

ఆమె నవ్వేసింది. మంచి పిల్లే. బొయెల్లెను లోపలికి పిలిచి, “మీ బావగారు గుండ్రాయిలా ఉన్నారు. ఏం దిగులు పెట్టుకోకండి,” అని సంతోషంగా చెప్పింది.

తిరుగుదారిలో బొయెల్లె బయటికే చూస్తూ కూర్చున్నాడు. వాడేం ఆలోచిస్తున్నాడో బాకిసియోకు తెలుసు: జబ్బు కాకపోతే ఇక దొంగాటే. ఊరు కనబడుతుండగా బాకిసియో ఉన్నట్టుండి అన్నాడు.

“ఒరేయ్, కళ్ళు మూసుకుని ఆడతా.”

“ఏంటీ?”

“కళ్ళు మూసుకున్నవాడు వేళ్ళెలా చూస్తాడ్రా?”

బొయెల్లె మొహం వెలిగిపోయింది. “అప్పుడెవడు నోరెత్తుతాడో నేనూ చూస్తా బావా!”

ఆదివారం మధ్యాహ్నం బార్ ముందు గుంపు చేరింది. “ఇప్పుడు గుడ్డాట మొదలెట్టావా?” అన్నాడు సెరాఫీనో. అందరూ నవ్వారు. బాకిసియో కళ్ళు మూసుకుని చెయ్యెత్తాడు.

“ఏడు!”

“అయిదు!”

చెయ్యి దూసుకుపోయింది. ముప్పైయేళ్ళప్పుడు ఎలా పోయేదో అలాగే పోయిందనిపించింది. లోపల ఎక్కడా ఆలస్యం లేదు, ఒట్టు. మళ్ళీ విసిరాడు. మళ్ళీ. గొడవ మొదలవుతుందని చెవులు రిక్కించాడు. ఎవరూ గొడవ పడలేదు. నవ్వులు ఆగిపోయాయి. ఎవరో గ్లాసు కింద పెట్టారు. సెరాఫీనో గొంతు తగ్గుతూ వచ్చింది, అరుపులు నెమ్మదించాయి. ఇంట్లో పసివాళ్ళతో ఆడుతున్నట్టు అంకెలు చెబుతున్నాడు.

బాకిసియో కళ్ళు తెరిచాడు. సెరాఫీనో పిడికిలి బిగించి, అతని చెయ్యి కోసం ఆగి ఉన్నాడు.

“దొంగాట కాదు బావా. కళ్ళు మూసుకున్నా చెయ్యి అంతే ఆలస్యం. అందరూ చూశారు.” బొయెల్లె కళ్ళల్లో నీళ్ళు.

సెరాఫీనో టోపీ తీశాడు. “తప్పయిపోయింది తాతా.”

తాతా! ఇన్నేళ్ళలో ఆ బార్ ముందు అతన్ని ఎవరూ అలా పిలవలేదు.

“తాతేంట్రా? అరవరా! మొన్నలాగే తిట్టు! ఆడరా నాతో!”

ఎవరూ అరవలేదు. ముర్రా ఆడేచోట ఎవరూ కూర్చోరు. బొయెల్లె లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి బావ వెనకాల వేశాడు.

“కూర్చో బావా,” అన్నాడు, ఎంతో ప్రేమగా. ఆ వెంటనే తన పక్కన నిలబడమని ఇంకొకణ్ణి చేత్తో పిలిచాడు.

బాకిసియో కాళ్ళు వణకలేదు. గుండె బాగానే కొట్టుకుంటోంది. ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు. కూర్చున్నాడు.