మా ఇంట్లో దీపం ఆరదు

పొద్దున్నే లేచి మొహం కడుక్కోగానే నేను చేసే మొదటి పని ఒత్తి చివర పేరుకున్న మసి గిల్లి పారేయడం. తర్వాత ఒత్తిని కాస్త ఎగదోసి, నూనె పోసి, కింద కారిన జిడ్డు తుడిచి, ఆ గుడ్డని మిగతా గుడ్డల్లో కలపకుండా విడిగా ఉతికి ఆరేయాలి. ఆ తర్వాతే స్టవ్వు. నేను కోడలిగా వచ్చిన మర్నాడే మా అత్తగారు నాకు అప్పజెప్పిన పని ఇది. "మా మామగారు వెలిగించిన దీపమమ్మా. ఆయన పోయినా ఆరలేదు, మీ మామయ్య పోయినా ఆరలేదు. ఒక్కసారంటే ఒక్కసారి కూడా ఆరి ఎరగదు. ఇక నీ చేతిలో పెడుతున్నా" అంది. కళ్ళు కూడా ఒత్తుకుంది. కొత్త కోడలికి ఇంతకంటే గౌరవం ఏం కావాలి! బుద్ధిగా తలూపాను.

నెల తిరక్కుండానే ఆరిపోయింది. ఆరిపోయింది అనకూడదట, కొండెక్కింది అనాలట. ఏ కొండెక్కితేనేం, నేను వెళ్ళేసరికి దేవుడి గదిలో చీకటి, కమురు వాసన. అటూ ఇటూ చూసి, వంటింట్లోంచి అగ్గిపెట్టె తెచ్చి చప్పుడు కాకుండా గీశాను. కాసేపటికి అత్తగారు వచ్చి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత గాలికి ఒకసారి, నూనెలో నలక పడి ఒకసారి, నాకు జ్వరమొచ్చి లేవలేకపోయినప్పుడు ఒకసారి, అది ఆరుతూనే ఉంది, నేను వెలిగిస్తూనే ఉన్నాను. ఎవరో ఒక ఆడమనిషి ఎవరూ చూడకుండా వెలిగిస్తూ ఉంటే దాన్ని ఆరని దీపం అంటారని నాకు అలా తెలిసింది. మా అత్తగారికీ ఈ సంగతి తెలిసే ఉంటుందని నా అనుమానం. ఎన్నోసార్లు ఆవిడ మొహంలోకి చూశాను గానీ అక్కడ నాకేమీ దొరకలేదు.

నాకు నమ్మకం ఉందా అంటే ఏం చెప్పను? మా నాన్న లెక్కల మాస్టారు. దేవుడు లేడని ఆయన తేల్చేశాడు కాబట్టి మా ఇంట్లో లేడు. అమ్మ తన పుట్టింటినుంచి తెచ్చుకున్న పటం అటకెక్కింది. అమ్మ ఏమైనా అందో లేదో నాకు తెలీదు. పరీక్షలప్పుడు నేను భయంతో "దేవుడా" అంటే నాన్న నవ్వేవాడు. ఆ నవ్వుకి సిగ్గేసి మానేశాను. అలా నాస్తికురాలినయ్యాను. పెళ్ళి కుదిరాక అదే నాన్న, "వాళ్ళింటి పద్ధతి ప్రకారం నడుచుకో తల్లీ, లేనిపోని గొడవలెందుకు" అన్నాడు. అలా భక్తురాలినయ్యాను. నువ్వేమనుకుంటున్నావని రెండిళ్ళలోనూ ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమైనా ఉండేదా అంటే అదీ అనుమానమే. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, బట్టలు మడత పెడుతూ ఇలాంటివి ఆలోచించేదాన్ని. ఈలోపు ఎవరో ఒకరు పిలిచేవాళ్ళు.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. తాడు చేత్తో తడిమి, మోటారు చప్పుడు విని, ఖాళీ లిఫ్టుని పైకీ కిందకీ తిప్పి చూసుకుంటే తప్ప చీమని కూడా ఎక్కనివ్వడు. పెళ్ళయిన కొత్తలో వాళ్ళమ్మ దీపానికి దణ్ణం పెట్టమంటే, "దీనికి కనెక్షన్ ఎక్కడినుంచి ఇచ్చారమ్మా?" అని ఏడిపించేవాడు. నాకు నవ్వొచ్చేది. ఈ మనిషితో నా కాపురం బాగానే ఉంటుందనుకున్నాను.

మా పిల్లకి ఫిట్స్ మొదలయ్యాక ఆయన నవ్వడం మానేశాడు. పిల్లని మేం పిచ్చుక అంటాం. ఒక్కచోట నిలవదు, గుప్పెడు మెతుకులు తింటుంది, మాటలు మాత్రం ఇల్లంతా చల్లుతుంది. మూడో తరగతిలో ఉండగా బళ్ళో మొదటిసారి పడిపోయింది. లిఫ్టు తాడు తెగితే ఆయన మార్చగలడు, మోటారు కాలితే మళ్ళీ తీగ చుట్టగలడు. కూతురు కళ్ళు తేలేసి కొట్టుకుంటుంటే ఏం చెయ్యాలో తెలియక, వచ్చిన ప్రతిసారీ గుమ్మం పట్టుకుని నిలబడిపోయేవాడు.

అలాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. పిచ్చుకకి అంతకుముందే ఫిట్స్ వచ్చి తగ్గి, నానమ్మ ఒళ్ళో సోలిపోయి ఉంది. దేవుడి గది కిటికీ రెక్క ఊడి పగిలింది. జల్లు లోపలికి కొట్టింది. "దీపం చూడు, దీపం చూడు" అని అత్తగారు కేకలు. అక్కడ చూడటానికేముంది, ఎప్పుడో ఆరిపోయింది. కిటికీకి వీపు ఆనించి నిలబడి, చెమ్మగిల్లిన పుల్లలు సగం పెట్టె తగలేసి, ఎలాగో అంటించాను. గాలి తగ్గి వెలుగు నిలబడేదాకా పళ్ళెం అడ్డం పట్టి, తర్వాత చీర పిండుకుందామని వంటింట్లోకి వెళ్ళాను. సరిగ్గా అప్పుడే ఆయన వచ్చాడు. పగిలిన కిటికీ, నేలంతా నీళ్ళు, మధ్యలో నిటారుగా దీపం. ఇవతల పిల్ల కళ్ళు తెరిచి "నాన్నా" అంది. ఆయన అక్కడే, ఆ తడిలోనే, కూలబడి ఏడ్చాడు. వంటింటి గుమ్మంలో నేను నిలబడి ఉన్నాను, జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. నా వైపు చూసి, "తల తుడుచుకో, జలుబు చేస్తుంది" అన్నాడు.

అప్పుడే చెప్పేయాల్సింది. కానీ పెళ్ళయ్యాక ఆయన ఏడవడం చూడటం అదే మొదలు. ఎలా చెప్పను?

ఆ వారంలోనే డాక్టరమ్మ పిచ్చుకకి మాత్ర మార్చింది. కొత్త మాత్ర పట్టింది. పిల్ల మళ్ళీ పడలేదు. బొమ్మలేసింది, గెంతింది, లావయింది కూడా. ఆయన మాత్రం గాలివాన నాటినుంచే లెక్కేసుకున్నాడు. పనికి వెళ్ళేముందు దీపం దగ్గర కూర్చోవడం, వచ్చాక కూర్చోవడం. చివరికి ఒకరోజు మాత్రల డబ్బా తీసి చెత్తబుట్టలో పడేశాడు.

"డాక్టరమ్మ మానొద్దంది కదండీ. ఫిట్స్ రాకపోయినా కొన్నేళ్ళు వాడాలంది."

"తాడు గట్టిదని నమ్మినవాడు కింద పరుపు వేసుకుని ఎక్కడు" అన్నాడు నింపాదిగా. "అటు మాత్రా, ఇటు దీపమూ అంటే అది నమ్మకం కాదు."

"తాడుని మీరు నెలనెలా చూసుకుంటారు కదా."

"దేవుణ్ణి కూడా చూసుకోమంటావా?"

నేను పనిచేసేది మందుల షాపులో. పొద్దున్నించీ సాయంత్రందాకా ఊళ్ళోవాళ్ళ పిల్లలకి మాత్రలు లెక్కపెట్టి, ఇది తిన్నాక, ఇది తినకముందు అని చెప్పి ఇచ్చేది నేనే. ఓనరు తిరిగే కుర్చీలో కూర్చుంటాడు. కౌంటరు కింద ఒక స్టూలుంది గానీ, "జనం ఉన్నప్పుడు కూర్చుంటే బావుండదమ్మాయ్" అంటాడు. జనం ఎప్పుడూ ఉంటారు. మా దీపం సంగతి ఓనరు చెవిన కూడా పడింది. "మీ ఇంట్లో అంత మహిమ పెట్టుకుని ఎప్పుడూ చెప్పలేదేంటి? మా ఆవిడ మోకాళ్ళ గురించి కాస్త విన్నవించు" అన్నాడు, చుట్టూ అరల నిండా మందులు పెట్టుకుని.

షాపులోంచి అవే మాత్రలు తెచ్చి, నూరి పాలల్లో కలిపి పిల్లకిచ్చాను. కొన్నాళ్ళు సాగింది. ఒకరోజు చేదు తగిలి, "ఇందులో మాత్రేశావా?" అంది. పిచ్చుకకి అబద్ధం తెలీదు. నాకూ దాని కళ్ళలోకి చూస్తూ అబద్ధమాడటం చేతకాలేదు. నాన్న రాగానే వెళ్ళి చెప్పేసింది, చాడీలా కాదు, భయంతో. దీపానికి కోపమొస్తుందని వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన అరవలేదు. అరిచినా బావుండేది. పిల్లని దీపం ముందు కూర్చోబెట్టి, ఎవరిచ్చినా మాత్ర మింగనని ఒట్టు వేయించాడు. "పసిదాని నమ్మకం చెడగొట్టకమ్మా" అంది అత్తగారు. ఆ రోజునుంచి నా చేతిలో గ్లాసు చూస్తే చాలు, పిల్ల రెండు చేతులతో నోరు మూసుకునేది. కన్నతల్లి చేతిలో విషం ఉన్నట్టు.

ఫిట్స్ తిరిగొచ్చాయి. బడి మెట్ల మీద పడి గడ్డం చిట్లింది. "పరీక్షిస్తున్నాడు" అన్నాడాయన. ఇక ఆగలేకపోయాను. అత్తగారి ఎదురుగానే, అంతా చెప్పేశాను. ఆ దీపం లెక్కలేనన్నిసార్లు ఆరిందని, గాలివాన రోజు వెలిగించింది నేనేనని, సగం పెట్టె పుల్లలు తగలబడ్డాయని, నా తడిసిన జుట్టు మీరే చూశారని.

ఆయన దీపం ముందు తల దించుకుని కూర్చున్నాడు. నమ్మాడు. ఆయన మొహం చూస్తే తెలుస్తోంది. ఒక్క క్షణం నా పిల్ల నాకు దక్కిందనుకున్నాను. తర్వాత తలెత్తి, "ఆ తడిలో ఆ పుల్ల ఎలా అంటుకుందంటావ్? నీ చేత వెలిగించింది ఎవరు?" అన్నాడు. అత్తగారు చెంపలేసుకుని, "చేసిందంతా నేనేనని చెప్పుకోవడం మంచిది కాదమ్మా" అంది. ఆ మాట అంటూ ఆవిడ నా వైపు చూడలేదు.

ఆరిందంటే మహిమ, ఆరలేదంటే మహిమ. పెద్దవాళ్ళని నేనేం చేయలేనని అర్థమైంది. కానీ పిల్ల చిన్నది. అది తన కళ్ళతో చూస్తే చాలు. దీపం ఆరుతుంది, ఆరినా ఏమీ కాదు, ఇల్లు ఇల్లులాగే ఉంటుంది. అది చూశాక మాత్ర మింగుతుంది. ఒక శనివారం పొద్దున మసి గిల్లలేదు, నూనె పోయలేదు. ఆ రోజు షాపూ బడీ ఒంటిపూటే. పిల్లని బడినుంచి తీసుకొచ్చి, చెయ్యి పట్టుకుని ఆ గదిలోకి నేనే తీసుకెళ్తాను. ఏం చెప్పాలో కూడా దారిపొడుగునా అనుకుంటూ షాపుకి వెళ్ళాను.

నేను బయల్దేరబోతుంటే సరుకు దిగింది. "ఈ పెట్టెలు కాస్త సర్దేసి వెళ్ళమ్మాయ్, ఎంతసేపని" అన్నాడు ఓనరు కుర్చీలోంచి. పిల్ల గేటు దగ్గర ఎదురుచూస్తుందన్నాను. "పక్కవీధేగా, వచ్చేస్తుందిలే" అన్నాడు. సర్దాను. సర్ది, పరుగెత్తాను. బడి గేటు దగ్గర ఎవరూ లేరు. ఇంటికి వెళ్తే గుమ్మంలో పిచ్చుక చెప్పులు. అత్తగారు మంచం మీద కునుకు తీస్తోంది. దేవుడి గదిలో దీపం వెలుగుతోంది.

దాని ముందు మా పిల్ల కూర్చునుంది. నన్ను చూసి నోటి మీద వేలేసుకుని, తన బొటనవేలు చూపించింది. ఎర్రగా కమిలి ఉంది.

"అమ్మా, నాన్నకి చెప్పకు, నానమ్మకీ చెప్పకు. దీపం కొండెక్కేసింది. నేనే నూనె పోసి వెలిగించా. బోలెడు పుల్లలు విరిగిపోయాయి. అయినా వెలిగించేశా."

ఫిట్స్ వచ్చినప్పటినుంచి ఆ పిల్లని స్టవ్వు దరిదాపులకి కూడా రానిచ్చేదాన్ని కాదు. పుల్ల గీసినప్పుడు ఫిట్స్ వచ్చి ఉంటే? ఆ మంట మీదికి తూలి ఉంటే? పక్క గదిలో ముసలావిడ నిద్రపోతూ, నేను అక్కడ పెట్టెలు సర్దుతూ ఉంటే? దాన్ని గట్టిగా పట్టుకున్నాను. పట్టుకునే, నడుం దగ్గర దాచిన మాత్ర తీశాను.

"చూశావుగా, నాన్నా. అది మామూలు దీపమే. నూనె లేకపోతే ఆరిపోతుంది. ఇది మింగెయ్, మా అమ్మ కదూ."

పిచ్చుక నోరు మూసుకోలేదు. నవ్వింది. అలా నవ్వి ఎంతకాలమైందో! "అయ్యో, నీకర్థం కాలేదా అమ్మా? నువ్వు లేవు, నాన్న లేడు, నానమ్మ నిద్రపోయింది. అప్పుడే ఎందుకు ఆరిందీ? నేను వెలిగించాలని. నన్నే పిలిచాడు దేవుడు. ఇక నాకు మాత్రెందుకు?" అని నా గుప్పిట తనే మూసేసింది. "రోజూ బడినుంచి రాగానే చూస్తాగా. మళ్ళీ ఆరితే నేనే వెలిగిస్తా."

దాన్ని ఏమనను? పరిగెత్తకు, ఎక్కకు, ముట్టుకోకు, ఒక్కదానివే వెళ్ళకు అన్న మాటలు తప్ప ఇంకేమీ వినని పిల్ల. బళ్ళో పక్కన ఎవరూ కూర్చోని పిల్ల. ఇన్నాళ్ళకి ఒక పెద్ద పని తన చేత్తో అయింది. ఆ సంతోషం ముందు నా మాత్ర ఎంత? ఆ నమ్మకం దానికి వాళ్ళ నాన్న ఇచ్చిందీ కాదు, నానమ్మ ఇచ్చిందీ కాదు. నూనె పోయకుండా వదిలేసి నేనిచ్చింది.

అగ్గిపెట్టె దాచాను. ఇంకోటి దొరుకుతుంది, దానికి స్టూలు ఎక్కడం వచ్చు. ఆ గదికి తాళం వేయించాలని చూస్తే ఇంట్లో రణం. అందుకని పొద్దున రెండుసార్లు నూనె చూస్తున్నాను. మధ్యాహ్నం అన్నం మానేసి షాపునుంచి పరుగున వచ్చి, పిల్ల బడినుంచి రాకముందే ఒత్తి ఎగదోసి వెళ్తున్నాను. గాలి రాకుండా చుట్టూ గాజు పెట్టించాను. దీపాన్ని ఎంత దగ్గరుండి చూసుకుంటున్నానో చూసి అత్తగారు మురిసిపోతోంది. "ఎంత మొండికేసినా చివరికి నీకూ నమ్మకం కుదిరింది" అన్నాడు మా ఆయన, ప్రేమగానే. మాత్ర ఇప్పటికీ నడుం దగ్గరే ఉంది, రోజూ అడుగుతున్నాను, రోజూ పిల్ల నవ్వుతోంది.

ఇప్పుడు మా ఇంట్లో దీపం నిజంగానే ఆరడం లేదు. ఆరితే నా కూతురు అగ్గిపుల్ల గీస్తుంది.