పాలతాలికల గిన్నె

మురమళ్ళలో ఆ ఇంటి వసారాలో కూర్చున్న క్షణం నుంచి నా కళ్ళు పెరటి దారి వెతుకుతూనే ఉన్నాయి. ఎనిమిదేళ్ళ అలవాటు. ఎవరింటికి వెళ్ళినా మరుగుదొడ్డి ఎటువైపో తెలిశాకే నాకు మాట పెగులుతుంది. పి.గన్నవరంలో అందరికీ నేను కొబ్బరికాయల వ్యాపారి మాణిక్యాలరావుని. నా కడుపుకి మాత్రం బానిసని.

రెండువేల ఆరు వేసవిలో అమలాపురం డాక్టరుగారు పరీక్షలన్నీ చూసి, పేగుల్లో పుండూ లేదు, గడ్డా లేదు, అక్కడుండే మంచి సూక్ష్మజీవులు తగ్గాయేమో అన్నారు. వాటినే పొడిలో పెట్టి పొట్లాలుగా అమ్ముతారట. రోజుకొకటి చల్లటి నీళ్ళలో కలుపుకుని తాగాలి, పాలు ముట్టుకోకూడదు. తప్పకుండా తగ్గుతుందని మాత్రం మాటివ్వనన్నారు. పురుగుల్ని చంపే మందులు ఎరుగుదును గానీ, పురుగులే మందవడం నాకదే మొదలు!

నెల తాగాక కాస్త తెరిపిచ్చింది. ఆ ధైర్యంతోనే మా అబ్బాయి కిషోర్‌కి పిల్లని చూడటానికి వాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాను. పిల్ల పేరు యామిని. ఫొటో చూసిన రోజు నుంచి వాడు నేల మీద లేడు.

పిల్ల తల్లి భవానీదేవి గారు పాలతాలికల గిన్నెలు తెచ్చి మా ముందు పెట్టారు. పాలతో చేసినవి, నేను ముట్టుకోకూడదు. మా వైపు సంబంధం నచ్చకపోతే నోటితో అనరు, తీపి ముట్టుకోకుండా లేస్తారు.

"తీసుకోండన్నయ్యగారూ."

"ఇప్పుడే టిఫిన్ చేసొచ్చేమండీ."

"ఒక్క చెంచాండీ."

"వద్దమ్మా, నిజంగా."

ఆవిడ మొహం చిన్నబోయింది. "మా పిల్ల నచ్చలేదాండీ?" అన్నారు. గుమ్మం దగ్గర యామిని తల దించేసుకుంది.

ఇక సిగ్గు విడిచి అంతా చెప్పేశాను, పొట్లాలతో సహా. ఆవిడ ఓపిగ్గా విని, నేను భయపడ్డ ప్రశ్నే అడిగారు.

"అబ్బాయికి కూడా ఉందాండీ ఈ జబ్బు?"

"లేదండీ," అనేశాను.

వెంటనే కిషోర్ గిన్నె అందుకుని అడుగంటా తినేశాడు. నవ్వాడు కూడా. వాడికి పాలు పడక రెండేళ్ళయింది.

"ఇంకాస్త వెయ్యనాండీ?" అంటూ యామిని దగ్గరికొచ్చింది. వాడు గిన్నె చాచాడు. నుదుటి నిండా చెమట, రెండో చెయ్యి పొట్ట మీద. నా అబద్ధాన్ని నా కొడుకు మింగుతుంటే చూడలేకపోయాను.

"ఉందండీ. వాడికీ ఉంది. నన్ను కాయడానికి తింటున్నాడు," అన్నాను.

యామినే వాడి చేతిలోంచి గిన్నె తీసేసుకుంది.

"పెరటి దారి ఇటండీ. వెళ్ళండి," అంది.

వాడు పరుగులాంటి నడకతో వెళ్ళాడు. భవానీదేవి గారు ముట్టని నా గిన్నె కేసే చూస్తూ కూర్చున్నారు. సంబంధం పోయిందనుకున్నాను. వాడి మొహం ఎలా చూడాలో తెలియలేదు.

"కొబ్బరిపాలు పడతాయాండీ మీకు?" అన్నారావిడ, తలెత్తి.

"ఆయ్. ఇద్దరికీ పడతాయండీ."

ఆవిడ మరో మాట లేకుండా నా గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. కాసేపటికి లోపల కొబ్బరి కోరుతున్న చప్పుడు వినిపించింది.