పగటి దీపాల కారుపై విచారణ

1986వ సంవత్సరం మార్చి నెలలో ఒక ఆదివారం ఉదయం, నరసరావుపేటలో జానకిరామయ్యగారి పత్తి మిల్లు ఆవరణలో జరిగిన విచారణకు హాజరైనవారు, కూర్చున్న వరుసలో: మొదటి కుర్చీలో మిల్లు యజమాని జానకిరామయ్యగారు, రెండవ కుర్చీలో స్థానిక పార్టీ పెద్ద గోవిందయ్యగారు, మూడవ కుర్చీలో, డిస్ట్రిక్ట్ మున్సిఫ్‌గా పదవీ విరమణ చేసిన నేను. కుర్చీ లేకుండా నిలబడినవారు ఇద్దరు: కారు డ్రైవరు నూర్ మొహమ్మద్, మోటారు వాహనాలకు కరెంటు పని చేసే ముర్తుజా. విచారణాధికారిని నేనైనా నాకు మూడవ కుర్చీ వేశారు. ఎటువంటి తీర్పు ఆశిస్తున్నారో ఆ వరుస చూసినప్పుడే నాకు అర్థమై ఉండవలసింది.

వివాదానికి మూలమైన కారు ఎదురుగా రేకుల షెడ్డు కింద ఉంది. అది పగలు కూడా లైట్లు వెలగాలనే చట్టం ఉన్న స్వీడన్ దేశంలో తయారైనది. మద్రాసు విడిచి స్వదేశానికి వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర జానకిరామయ్యగారు దానిని కొన్నారు. ఇంజను స్టార్టు చేయగానే దాని ముందు దీపాలు వాటంతట అవే వెలిగేవి. ఇంజను ఆపేదాకా ఆరేవి కావు. ఆర్పే స్విచ్ లేదని నూర్ మొహమ్మద్ మొదటి రోజే చెప్పాడు. యజమాని నమ్మలేదు. కారుతో వచ్చిన పుస్తకాన్ని నా చేతిలో పెట్టి, "ఇంగ్లీషే గదా, చదవండి బాబాయిగారూ" అన్నారు. అక్షరాలు ఇంగ్లీషువే కాని మాటలు స్వీడన్ వారివని నేను మనవి చేశాను. కళ్లజోడు మార్పించుకోమని వారు నాకు సలహా ఇచ్చారు.

ఆ తరువాత ఒకసారి ఆ కారులో నేను సత్తెనపల్లి వెళ్లాను. పట్టపగలు లైట్లు వెలుగుతున్న వాహనం కనిపిస్తే చెప్పకుండా ఊరుకోవడం మనవారి స్వభావం కాదు. లారీ వాళ్లు, సైకిల్ వాళ్లు, ఎడ్లబండి మీద పడుకున్నవాళ్లు సైతం లేచి, చేయి చాపి, వేళ్లు ముడిచి తెరిచి సైగ చేశారు. జానకిరామయ్యగారు దానిని తమ పట్ల జనానికి గల అభిమానంగా స్వీకరించి, దారి పొడవునా రెండు చేతులూ జోడించారు. అసలు సంగతి నేను విన్నవించాను.

"ఒరేయ్ నూరూ, నిజమేనా?" అన్నారు.

"నిజమే సాబ్. లైటు ఆర్పమంటన్నారు."

"మరి ఆర్పవేందిరా?"

"దానికి ఆరటం రాదు సాబ్."

"నా మిల్లులో రెండు వందల మంది నేను కూచోమంటే కూచుంటారు, లెగమంటే లెగుస్తారు. నా డబ్బుతో కొన్న దీపం నా మాట వినదా?"

ఈ ప్రశ్నకు స్వీడన్ పుస్తకంలో కూడా సమాధానం ఉండి ఉండదు.

అసలు ప్రమాదం మాచవరం పొలిమేరలో జరిగింది. ఆ రోజు ఒక మంత్రిగారు రావలసి ఉంది. మార్కెట్ కమిటీ అధ్యక్ష పదవి కోరుతున్న జానకిరామయ్యగారు వారికంటే ముందే చేరుకోవాలని బయలుదేరారు. పగలు లైట్లు వేసుకొని దూసుకువచ్చేది మంత్రిగారి కారు ఒక్కటే అని అక్కడి జనం నమ్మకం. కాబట్టి ఈ కారు కనబడగానే బ్యాండు మోగింది, బాణసంచా పేలింది. జానకిరామయ్యగారు కారు దిగి, పొరపాటని చెప్పవలసింది. దిగారు. మెడలో పడిన దండలన్నీ వేయించుకొని, పత్తి గిట్టుబాటు ధర గురించి పది నిమిషాలు ప్రసంగించారు. ఆ తరువాత అసలు మంత్రిగారు లైట్లు వేయని కారులో వచ్చేసరికి బ్యాండు వాళ్లు టీ తాగుతున్నారు. స్వాగతానికి ఒక నిమ్మకాయ మాత్రం మిగిలింది.

మంత్రిగారి ఆగ్రహం చల్లార్చడానికి గోవిందయ్యగారు ఉపాయం చెప్పారు. డ్రైవరు కావాలనే లైట్లు వేసి జనాన్ని మోసగించాడని ఒక రిటైర్డు న్యాయాధికారి చేత రాయించి, రవాణా శాఖకు పంపి, అతని లైసెన్సు రద్దు చేయించాలి. అప్పుడు యజమాని నిర్దోషి అవుతాడు, పదవి దక్కుతుంది. ఇరవై రెండేళ్లుగా మచ్చలేని లైసెన్సు నూర్ మొహమ్మద్‌ది. అది పోతే ఆ మనిషికి వేరే బతుకుతెరువు లేదు.

విచారణలో నేను అతనిని అడిగాను: "లైట్లు ఆర్పే స్విచ్ ఉన్నదా, లేదా?"

"లేదు సాబ్. సీటు కింద కూడా ఎతికా."

జానకిరామయ్యగారు చిరునవ్వుతో లేచి, నన్ను కారు దగ్గరికి తీసుకువెళ్లి, ఇంజను స్టార్టు చేయించారు. స్టీరింగు కింద ఒక నల్లని స్విచ్ ఉంది. నొక్కారు. దీపాలు ఆరిపోయాయి.

నూర్ మొహమ్మద్ వంగి స్విచ్‌ను తడిమి చూశాడు. "ఇది మొన్నటిదాకా లేదు సాబ్. అల్లా మీద ఒట్టు."

"లేకపోతే రాత్రికి రాత్రి మొలిచిందా? స్విచ్చా, పుట్టగొడుగా?" అన్నారు గోవిందయ్యగారు.

నేను కంటితో చూసిన సాక్ష్యాన్ని గౌరవించే వృత్తిలో ముప్ఫై ఏళ్లు గడిపినవాడిని. కుర్చీకి తిరిగి వచ్చి, కలం తీసి, 'డ్రైవరు బుద్ధిపూర్వకంగా' అని మొదలుపెట్టాను. నూర్ మొహమ్మద్ కాగితం వంక కాదు, నా చేతి వంక చూస్తున్నాడు.

అంతటితో ఊరుకొని ఉంటే జానకిరామయ్యగారు గెలిచేవారు. కాని గెలుపు కూడా సర్టిఫికెట్‌తో కావాలనుకునే మనిషి ఆయన.

"ఒరేయ్ ముర్తుజా, స్విచ్ మంచిగా పనిచేస్తందని బాబాయిగారికి చెప్పరా."

"ఎందుకు చెయ్యదండీ? నిన్న పొద్దున నేనే గదా బిగించింది" అన్నాడు ముర్తుజా.

గోవిందయ్యగారు తమ కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకున్నారు.

"ఏందిరా నువ్వు వాగేది?" అన్నారు జానకిరామయ్యగారు.

"మీరు బిగించమంటే బిగించా. అది ముందు నుంచీ ఉందని చెప్పమని మీరు అనలా, నేను ఒప్పుకోలా. నూరు నాకు చుట్టం కాదు. మా ఇద్దరికీ మాటల్లేక చానా రోజులైంది. కానీ నా చేతి స్విచ్ మీద ఒకడి లైసెన్సు పోతే, రేపు నా షాపు ముందు ఏ డ్రైవరు బండి ఆపుతాడు?"

"మిల్లు లారీలు ఏడు. ఇంక ఒక్కటి నీ గడప తొక్కితే చూడు!"

"తొక్కనీకండి. మా గడప బాగుంటది."

ఇలా అంటూనే అతను కారు దగ్గరికి వెళ్లి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, స్విచ్ ఊడదీసి, తాను కోసిన వైరును మళ్లీ కలిపి చూపించాడు. ఇంజను స్టార్టు చేయగానే పట్టపగలు దీపాలు నిర్లజ్జగా వెలిగాయి.

నేను రాసిన రెండు మాటలూ కొట్టివేసి, డ్రైవరుపై ఆరోపణ అసత్యమని, సాక్ష్యం సంఘటన తరువాత తయారైనదని రాసి సంతకం చేశాను. గోవిందయ్యగారు కాగితం ముట్టుకోకుండానే వెళ్లిపోయారు. మార్కెట్ కమిటీ పదవి, ఒక్క లైటూ వెలగని జీపు గల మరొక ఆసామికి దక్కింది. నూర్ మొహమ్మద్ అదే లైసెన్సుతో ఒక రాళ్ల లారీ ఎక్కాడు.

ఏడు లారీల పని పోతుందని తెలిసి, ఎవరూ బలవంతపెట్టకుండా, తనతో మాటలు లేని మనిషి కోసం, మూడు కుర్చీల వాళ్ల ఎదుట నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పిన శ్రీ ముర్తుజా చర్యను, ఆనాటి విచారణాధికారి హోదాలో, నా కలం తప్పుదారిన రెండు మాటలు నడిచిందన్న ఒప్పుకోలుతో సహా, ఇందుమూలంగా గుర్తించి, కృతజ్ఞతాపూర్వకంగా నమోదు చేస్తున్నాను.