గుర్తు చేయదగ్గ మనిషి

బొండం నీళ్లు నోట్లో పోసుకోకుండా నేను ఏ తోటా బేరం చేయలేదు. చెట్టుకి నీరందిందో లేదో నాలుకే చెబుతుంది. ఈ పని మొదలుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది. అందుకని ఆ రోజు జరిగినదాన్ని అలవాటు అనాలి. మా అబ్బాయి బాజీ మతిమరుపు అన్నాడు.

రంజాన్ నెల. ఎండ అప్పుడే ముదురుతోంది. వరహాలక్ష్మి గారి తోటలో త్రిమూర్తులు చెట్టెక్కి ఒక గెల దించాడు. కత్తితో ఒక బొండం మూతి చెక్కి నా చేతిలో పెట్టాడు. ఎప్పుడూ పెట్టేదే. తలెత్తి తాగాను. ఆపకుండా తాగాను. ఖాళీ బొండాన్ని రెండు చెక్కలు చేయించి లోపలి లేత కొబ్బరి గీకి తిన్నాను. మూతి తుడుచుకుని బాగుందన్నాను. అప్పుడు గుర్తొచ్చింది, నేను రోజాలో ఉన్నానని.

లారీ దగ్గర బాజీ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చూశావా?" అన్నాను.

"మొదటి గుక్క నుంచీ చూశాను నాన్నా."

"మరి చెప్పలేదే?"

"పోన్లే, పెద్దాడివి కదా అని."

అరవై దాటిన కొబ్బరి చెట్టు కాపు మానదు. ఆ మాట వాడికి చెప్పలేదు. నోట్లో ఇంకా కొబ్బరి మీగడ ఉంది, ఉమ్మడానికి పోయాను.

సాయంత్రం వాడు ఈ కథ మా కోడలికి చెప్పాడు. చెప్పడమేంటి, ఆడి చూపించాడు. తలెత్తడం, గుటకలేయడం, గీకడం, అన్నీ. కోడలు చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత వాడు మేకుకున్న నా మోపెడ్ తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"ఇవాళ రోజా మరిచిపోయావు. రేపు దారి మరిచిపోయి కాలవలో పడతావు. రంజానయ్యేదాకా తోటలు నేను చూసుకుంటాను. అయ్యాక కూడా నేనే చూసుకుంటాలే."

ఆ చివరి మాట అన్నం వడ్డిస్తున్నంత మామూలుగా అన్నాడు. తోటకి వెళ్లని రోజు నేనేం చేస్తానో వాడికి తెలియదు. నా భార్య కరీమున్ పోయాక ఆవిడ మంచం ఎవరూ తీయలేదు. దాన్ని చూస్తూ కూచోవాలి.

మర్నాడు మసీదుకి నడిచి వెళ్లాను. ఇమాము కుర్రవాడు. జంగారెడ్డిగూడెం వైపు నుంచి వచ్చాడు.

"బొండం తాగాను. రోజా పోయిందా?"

"మరిచిపోయి తాగారా, తెలిసి తాగారా?"

"మరిచిపోయి."

"పోలేదండి. మరిచిపోయి తిన్నా తాగినా రోజా పూర్తి చేసుకోమన్నారు ప్రవక్త. అల్లాయే తినిపించాడు, తాగించాడు అన్నారు."

"కొబ్బరి కూడా తిన్నాను."

"కొబ్బరి కూడా అంతేనండి."

"గీకి తిన్నాను."

"గీకి తిన్నా అంతే." గడ్డం నిమురుకున్నాడు. "గుర్తొచ్చాక ఇంకేమైనా మింగారా?"

"లేదు. ఉమ్మేశాను."

"అయితే నిశ్చింతగా ఉండండి."

"చూస్తూ ఊరుకున్నవాడి సంగతేంటి?"

"మనిషి గట్టివాడైతే గుర్తు చేయాలండి. చేయకపోతే తప్పు. ముసలివాడో బలహీనుడో అయితే చెప్పకుండా వదిలేయడం మేలన్నారు పెద్దలు. కాస్త ఓపిక వస్తుందని."

"అంటే మా బాజీ నన్ను..."

ఇమాము తల దించుకుని చాప అంచు సరిచేశాడు. భుజాలు కదులుతున్నాయి. ఆ నవ్వుని నేను క్షమించలేదు. ఇఫ్తారుకి మసీదుకి బొండాలు పంపేది నేనే. ఆ రోజు చిన్నకాయలు పంపాను.

కరీమున్ ఉండగా ఒక రంజాన్‌లో అరటిపండు ఒలిచాను. వంటింట్లోంచి గరిటె ఎగిరొచ్చింది. పండు కింద పడింది, నేను పడలేదు. ఆవిడ నన్ను ఒక్కనాడూ బలహీనుడనుకోలేదు. నాకంటే ముందు పోయింది, అది నేను మరిచిపోలేని సంగతి.

త్రిమూర్తులు ఇంటికొచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మీ ఒక్కపొద్దు నేనే చెడగొట్టానండి."

"చెడలేదు. దేవుడు తాగించాడట."

"కత్తి పట్టింది నేను కదండి."

"నువ్వు కాదు. ఆయనే."

"అలాగైతే ఇక నుంచి నేనే కాపలా కాస్తానండి. ఆయనకి అన్ని పనులుంటాయి."

కాపలా అంటే వాడొక్కడే అనుకున్నాను. ఊరంతా చెప్పాడు. నేను టీ కొట్టు ముందు నడుస్తుంటే, అటు చూడకముందే సత్తియ్య గ్లాసు వెనక్కి దాచి "రోజా అండి, రోజా" అన్నాడు. చేపలమ్ముకునే పెద్దింట్లమ్మ బుట్ట దించి నా మొహంలో మొహం పెట్టింది.

"సాయిబు గారూ, ఏదో నములుతున్నారు."

"పళ్లు నూరుతున్నాను."

"ఎందుకండి?"

"నిన్ను చూసి."

పుల్లతో పళ్లు తోముకుంటుంటే ఎవడో వచ్చి పుల్ల లాక్కున్నాడు. తోముకోవచ్చురా అంటే ఇమాము గారినడిగి ఇస్తానన్నాడు. దగ్గితే ఏం మింగారని అడిగారు. ఊరికే ఆవులిస్తే నలుగురు లేచారు. పిచ్చెక్కింది. కానీ వీళ్లెవరూ నన్ను బలహీనుడనుకోలేదు. అలా అనుకున్నవాడు నా ఇంట్లోనే ఉన్నాడు.

ఇలా ఉండగా వరహాలక్ష్మి గారు బాజీకి ఫోన్ చేశారు. ఆవిడ టీచరుగా చేసి రిటైరయ్యారు. మాట కొలిచి మాట్లాడతారు.

"బేరం మధ్యలో వదిలేసి వెళ్లారు. మీ నాన్నగారు వచ్చి చూస్తేనే తోట ఇస్తాను బాబూ. ఆయన కాయ చూసి ధర చెబుతారు. నువ్వు ఫోన్ చూసి చెబుతావు."

బాజీకి తప్పలేదు. నా మోపెడ్ మీద, నన్ను వెనక కూచోబెట్టుకుని తీసుకెళ్లాడు. దారంతా "గుర్తుంది కదా నాన్నా" అన్నాడు. తాగను, ఊపి చూసి చెబుతానన్నాను. తోటలో దిగాక మళ్లీ అన్నాడు. వరహాలక్ష్మి గారి ముందు కూడా అన్నాడు.

త్రిమూర్తులు గెల దించాడు. అలవాటుగా ఒక బొండం చెక్కేశాడు. చెక్కాక నన్ను చూసి, గబుక్కున దాన్ని వీపు వెనక దాచాడు.

"మీకివ్వనండి," అన్నాడు.

వాడి వెనక బాజీ అటూ ఇటూ తిరుగుతూ లారీ డ్రైవరుతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "సాల్మన్, రావులపాలెం దాటావా? దాటకుండా ఏం చేస్తున్నావు?" అంటూ ఖాళీగా ఉన్న చెయ్యి చాపి, త్రిమూర్తులు వీపు వెనక నుంచి బొండం అందుకున్నాడు. తలెత్తాడు.

చెయ్యి తేలికైందని త్రిమూర్తులు వెనక్కి తిరిగాడు. చూశాడు. నోరు తెరిచాడు. నేను పెదాల మీద వేలు పెట్టాను.

"చెప్పరా?" అన్నారు వరహాలక్ష్మి గారు గుసగుసగా.

"చెప్పకూడదండి. బలహీనుడు."

"బాజీనా? జిమ్‌కి వెళతాడు కదండి."

"పైకే అండి. లోపల ఏం లేదు."

ఆవిడ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. త్రిమూర్తులు కొబ్బరి చెట్టుని కౌగిలించుకుని మొహం అటు తిప్పేసుకున్నాడు. చెట్టు కూడా కదిలినట్టే ఉంది.

బాజీ చివరి చుక్క దాకా తాగాడు. ఫోన్ చెవికి ఆనించుకునే ఖాళీ బొండం చాపి "చెక్కలు కొట్టు" అన్నాడు. త్రిమూర్తులు నన్ను చూశాడు. తల ఊపాను. కొట్టాడు. బాజీ ఫోన్‌ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించి గీకాడు, తిన్నాడు.

"మీగడ భలే ఉంది నాన్నా," అన్నాడు. "లేతగా..."

అక్కడ ఆగాడు. ఫోన్‌లో సాల్మన్ హలో హలో అంటున్నాడు. బాజీ నోట్లోది ఉమ్మేశాడు. చెక్క కింద పడేశాడు.

"చూశావా?" అన్నాడు.

"మొదటి గుక్క నుంచీ."

"మరి చెప్పలేదే?"

"పోన్లే, చిన్నాడివి కదా అని."

వరహాలక్ష్మి గారు ఇక ఆపుకోలేకపోయారు. అరుగు పట్టుకుని కూలబడి నవ్వారు. త్రిమూర్తులు ఎప్పుడో కింద కూచున్నాడు, కత్తి ఒకచోట, వాడొకచోట. బాజీ కోపంగా చూద్దామనుకున్నాడు. మూతి నిలవలేదు. వాడూ నవ్వాడు. వాళ్లమ్మ నవ్వే. కళ్లు మూసుకుపోతాయి. చూసి చాన్నాళ్లయింది.

"రోజా పోయిందా నాన్నా?"

"పోలేదు. అల్లా తాగించాడు. గీకి తినిపించాడు కూడా."

గట్టివాడికి చెప్పకపోతే తప్పన్నాడు ఇమాము. ఆ తప్పు నా మీద పడుతుంది. పడనీ.

ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపి ధర చెప్పాను. వరహాలక్ష్మి గారు ఒప్పుకున్నారు. ఒప్పుకునేటప్పుడు కూడా నవ్వుతూనే ఉన్నారు. మోపెడ్ దగ్గరికొచ్చి బాజీ ముందు చెయ్యి చాపాను.

"తాళం."

"ఎందుకు?"

"ఇవాళ రోజా మరిచిపోయావు. రేపు కాలవలో పడతావు."

వాడు వరహాలక్ష్మి గారి వైపు చూశాడు. "న్యాయంగానే ఉంది బాబూ" అన్నారావిడ. త్రిమూర్తుల వైపు చూశాడు. వాడింకా లేవలేదు. బాజీ జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

కాలవగట్టు మీద నేనే నడిపాను. వాడు వెనక నా భుజాలు పట్టుకుని కూచున్నాడు.

"రేపు ఏ తోట నాన్నా?"

"ఇప్పుడు చెబితే మరిచిపోతావు. రేపు చెబుతాలే."

గతుకు వచ్చినప్పుడల్లా వాడి పొట్టలో బొండం నీళ్లు గుడగుడలాడాయి. గట్టు మీద గతుకులు చాలా ఉన్నాయి. ఒక్కటీ తప్పించలేదు.