ఒక్క గిటారుకే అన్న చుక్కలు

మా అన్నయ్య గిటారు పెట్టె కడతాడు. శబ్దం బయటికొచ్చే గుండ్రటి రంధ్రం చుట్టూ నగిషీ నేను చేస్తాను. అగ్గిపుల్ల కన్నా సన్నని రంగురంగుల కర్రపుల్లలను జిగురుతో అంటించి దిమ్మ చేస్తాను. దాన్ని రొట్టెలా అడ్డంగా కోస్తే ప్రతి బిళ్ళలోనూ ఒకే బొమ్మ వస్తుంది. మిగిలిన దిమ్మ తర్వాతి గిటారుకు దాచడం మా పద్ధతి. గోరంత చెక్క పారేసినా అన్నయ్యకు ప్రాణం పోయినంత పనవుతుంది.

గడియారాలు బాగుచేసే పెద్దాయన, పోయిన భార్య గుర్తుగా ఒక గిటారు చేయించుకున్నాడు. ఆకాశంలో పిల్లలకోడి అనే కృత్తికల గుంపులో చుక్కలు ఆరేనని ఈయన, కాదు ఎనిమిదని ఆవిడ. నలభై ఏళ్ళు డాబా మీద ఇదే పోట్లాట.

"ఎనిమిదే పెట్టమ్మా. ఓడిపోయానని ఇప్పుడైనా ఒప్పుకోవాలిగా" అన్నాడాయన.

తెల్ల కర్రతో ఎనిమిదీ పెట్టాను. "ఇవి ఇంకెవరికీ పెట్టనండీ" అని మాటిచ్చాను. పదిరోజుల కష్టాన్ని నా చేత్తో కాల్చబుద్ధి కాక, మిగిలిన దిమ్మ అన్నయ్యకిచ్చి పొయ్యిలో వెయ్యమన్నాను.

"అలాగేలేవే" అన్నాడు. నమ్మాను. నాకు బుద్ధి లేదు.

మొన్న పొద్దున పెద్దాయన వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"వాద్యాల కొట్లో మూడు గిటార్లు చూశానమ్మా. మూడింటి మీదా పిల్లలకోడే, ఎనిమిదేసి చుక్కలు. బిళ్ళలు మీ దగ్గరే కొన్నామన్నాడు కొట్టాయన. మా ఆవిడ మాట ఊళ్ళో అందరికీ అమ్ముకున్నారా?"

అన్నయ్య వైపు తిరిగాను. చిత్రిక పడుతున్నవాడు తలెత్తలేదు.

"అన్నయ్యా, నువ్వు కాల్చలేదా?"

వాడు చేతులు దులుపుకుని పెద్దాయనతో మాట్లాడాడు.

"నేను పెట్టెలు కట్టుకునేవాణ్ణండీ. ఆ చుక్కల గొడవ నాకేం తెలుసు? నగిషీ అంతా మా చెల్లెలిదే. దిమ్మ చేసేదీ తనే, కోసేదీ తనే."

ఒళ్ళంతా మండిపోయింది. కాదని అరుద్దామంటే నగిషీ నాదన్న మాటలో అబద్ధం లేదు. పెద్దాయన నన్నొకసారి చూసి మెట్లు దిగిపోయాడు. వీధి మలుపు దాకా వెంటపడి పిలిచినా వెనక్కి తిరగలేదు.

పద్దెనిమిదేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ "మొత్తం నా చేతిపనేనండీ" అని చెప్పుకున్న మా అన్నయ్య, ఆ నగిషీ నాదని పరాయివాళ్ళ ముందు ఒప్పుకోవడం అదే మొదటిసారి.