పన్నెండో పేరు

బస్వమ్మ పేరు ఆ జాబితాలో ఉండాల్సిన పనే లేదు. ఆమె ఆట మానేసి ఎనిమిదేళ్లయింది. కానీ జహీరాబాద్ మహిళల కబడ్డీ పోటీల్లో, పేరు రాయించుకున్నవాళ్లనే బెంచీ మీద కూర్చోనిస్తారు. అందుకని ఝరాసంగం కోచ్ మదన్‌మోహన్ సారు ఏటా పన్నెండో పేరుగా ఆమెదే రాసేవాడు. బస్వమ్మ లేని బెంచీ ఆయన కంటికి బోసిగా ఉండేదట.

ఆమె ఆడిన ఆట మామూలుదా? పదహారో ఏట మొదలుపెట్టి పదిహేడేళ్లు కూతకు వెళ్లింది. ఐదు ఫైనళ్లు ఆడి ఐదూ ఓడింది. నాలుగింటిని ఎలాగో మరిచిపోయింది గానీ, ఐదోది గొంతులో ముల్లులా ఉండిపోయింది. న్యాల్‌కల్ జట్టు శ్యామల ఆమె కాలు ఒడిసిపట్టింది, నడిగీత జానెడు దూరంలో ఉంది, అక్కడ ఊపిరి తెగింది. కూత ఆగితే ఔటే కదా. ఆ తర్వాత మోకాలూ మొరాయించింది. ఇప్పుడు షేర్ ఆటో నడుపుతోంది. అడ్డాలో పొద్దస్తమానం "ఝరాసంగం, ఝరాసంగం, ఝరాసంగం" అని కేకేస్తూ, సీట్లు నిండేదాకా ఊపిరే తీసుకోదని తోటి డ్రైవర్లు ఆటపట్టిస్తుంటారు.

ఈసారి ఫైనల్లో ఎదురైందీ న్యాల్‌కలే. శ్యామల ఇంకా ఆడుతూనే ఉంది. ఝరాసంగం మూడు పాయింట్లు వెనకబడి ఉంది, మిగిలింది ఒకే ఒక్క కూత. సరిగ్గా అప్పుడే జట్టు కెప్టెన్ స్వప్న మడమ బెణికింది. బెంచీ మీద నలుగురు కొత్త పిల్లలు, బస్వమ్మ.

"అక్కా, నువ్వు పో," అంది స్వప్న కళ్లు తుడుచుకుంటూ.

"నీకేమన్న పిచ్చా? నలభై ఒకటి నాకు. ఈ మోకాలు జూడు."

"మోకాలు సంగతి జర ఇడువు," అన్నాడు మదన్‌మోహన్ సారు. "ఊపిరున్నదా లేదా, గది చెప్పు."

బస్వమ్మ లేచింది. పొట్ట దగ్గర బిగిసిన జెర్సీని కిందికి లాక్కుని గీత దాటింది. ఆమెకు భయంగానే ఉంది. ఈ పోటీల్లో కూతకు గడియారం పెట్టరు, ఊపిరి ఉన్నంతసేపూ ఆడొచ్చు. "కబడ్డీ, కబడ్డీ" అంటూనే లెక్క చూసుకుంది. గెలవాలంటే నాలుగు పాయింట్లు కావాలి. పరుగెత్తి నలుగురిని తాకే కాళ్లు ఆమెకెక్కడివి? కానీ తనను పట్టుకున్నవాళ్లు ఎందరైనా, తను నడిగీత తాకితే అందరూ ఔటే.

అందుకే, కావాలనే, కాలు శ్యామల ముందుకు చాపింది.

న్యాల్‌కల్ వాళ్లకు బుద్ధి ఉంటే దూరంగా నిలబడి నవ్వుకునేవాళ్లు. శ్యామలకు పాత రుచి గుర్తొచ్చింది. ఒక్క దూకు దూకి చీలమండ పట్టేసింది. ఇంకేం, మరో ముగ్గురు వచ్చి మీద పడ్డారు. బస్వమ్మ బోర్లా పడింది. గీత మూరెడు దూరం.

"పట్టుండ్రి! ఊపిరి ఇప్పుడే తెగుతది!" అని అరిచింది శ్యామల.

తెగలేదు. అంపైరు చెన్నబసప్ప వంగి ఆమె నోటి దగ్గర చెవి పెట్టాడు. కబడ్డీ, కబడ్డీ. మోకాలు మండిపోతోంది. నలుగురి బరువునూ ఈడ్చుకుంటూ జరిగింది. జానెడు. ఎనిమిదేళ్ల కిందట ఆగింది ఇక్కడే. కబడ్డీ, కబడ్డీ. బెత్తెడు. వేళ్లు చాపింది. సున్నం చేతికి తగిలింది.

ఈల మోగింది, జనం లేచారు, స్వప్న కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చింది. బస్వమ్మకు ఇవేవీ తెలియలేదు. కళ్లు మూసుకుని కూత పెడుతూనే ఉంది.

"ఇగ ఆపమ్మా! నాలుగు పాయింట్లు. మీరే గెలిచిన్రు," అని చెన్నబసప్ప భుజం తట్టాల్సి వచ్చింది.

అప్పుడు ఊపిరి తీసుకుంది. ఛాతీ నిండా తీసుకుని, ఆనందం పట్టలేక, రోజూ అరిచే మాటే అరిచింది.

"ఝరాసంగం!"

కంచె అవతల నిలబడ్డ ఆటో డ్రైవర్లంతా ఆ కేక అందుకున్నారు.