గెడ్డకు వేసిన కుర్చీ

నేను ఒక ఇనుప మడత కుర్చీని. విజయనగరంలో ఒక వెల్డింగు షాపులో పుట్టాను. షామియానా వాళ్ల లారీ ఎక్కి పదేళ్లు పెళ్లిళ్లకూ దినాలకూ తిరిగాను. బరువైన మనుషులు ఎంత తేలిక మాటలు ఆడతారో అక్కడే తెలిసింది. తుప్పు మొదలయ్యాక నన్ను నీలంవలస పంచాయతీ కొన్నది.

ఆ ఊరి పక్కన చేపలగెడ్డ అనే వాగు పారుతుంది. ఎగువన మందుల కంపెనీ పెట్టిన మూడో ఏడు నీళ్లు పసుపురంగుకు తిరిగాయి, చేపలు వెల్లకిలా తేలాయి. ఆ గెడ్డలో వల వేసి బతికే సూరాడ కన్నమ్మ గ్రామసభలో లేచింది.

"మన బాధ మనం సెప్పుకున్నాం. గెడ్డ బాధ ఎవులు సెప్తారు? దానికీ ఓ కుర్సీ ఎయ్యండి."

కొందరు నవ్వారు. సర్పంచ్ రామినాయుడు నవ్వలేదు. చేపలగెడ్డకు శుభ్రంగా పారే హక్కు ఉందనీ, హాని చేసినవాళ్లను దాని తరఫున కన్నమ్మ నిలదీయవచ్చనీ ఆ రోజే తీర్మానం రాశారు. గెడ్డకు నన్ను వేశారు. ఆపైన నామీద ఎవరూ కూర్చోలేదు.

ఒకసారి కంపెనీ ఆఫీసరు రాజీ మాటలకు వచ్చి, ఖాళీగా ఉన్నాను కదా అని నావైపు వంగాడు.

"అది గెడ్డది బాబూ. మీరా బల్ల మీద కూకోండి," అంది కన్నమ్మ.

"గెడ్డ నడిచొచ్చి కూర్చుంటుందా?"

"నడిసే ఓపిక ఉంచారేటి దానికి?"

ఆయన కూర్చోకుండానే వెళ్లిపోయాడు.

కంపెనీ కోర్టుకెక్కింది. ఊరి తీర్మానానికి విలువ లేదని నాలుగేళ్లు వాదించింది. చివరికి తీర్మానమే నిలిచింది. గెడ్డలోకి కంపెనీ మురుగు వదిలే గొట్టం మూయించారు. ఊరు డప్పులు కొట్టింది. కన్నమ్మ గట్టు మీద కూర్చుని నీళ్లకేసి చూస్తూ ఉండిపోయిందట.

నీళ్లు తేటపడ్డాయి. చేపలు మాత్రం రాలేదు. మూడు వానాకాలాలు గడిచాయి. ప్రతి సభకూ కన్నమ్మ వచ్చి నా పక్కన నిలబడుతుంది.

"ఏటైనా కనబడిందా అప్పా?" అని రామినాయుడు అడుగుతాడు.

"నేదు."

మొన్నటి సభలో ఆమె ఒక చెయ్యి నామీద ఆనించింది. "దాని తరఫు మనిషివి నువ్వే గదా, కూకో అప్పా," అన్నాడు రామినాయుడు.

"నాను కూకుంటే, ఇంక అది రాదని ఒప్పుకున్నట్టే గదా నాయుడుబాబూ," అని ఆమె నా వీపు గట్టిగా పట్టుకుని నిలబడింది.

తొలిరోజుల్లో ఆ చేతులు నన్ను తాకితే చేపల వాసన వచ్చేది. దానికోసం వెతుక్కున్నాను. సబ్బు వాసన ఒక్కటే తగిలింది.